అయిదడుగుల నేల

ముందే చెప్పేస్తాను. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఆసక్తి అంతకన్నా లేదు. అమెరికాలో మేముండే అల్ఫారెట్టాలో ఎవరింట్లోనైనా భోజనాలయ్యాక లైట్లు తగ్గించి "మా మేనత్త వాళ్ళింట్లో ఏమైందంటే..." అని మొదలుపెడితే, గిన్నెలు సర్దే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని నేను. అలాంటిది నా అనుభవం నేనే రాస్తున్నానంటే సరదా కొద్దీ కాదు, విసుగెత్తి. ఈ సంగతి విన్నవాళ్ళలో సగం మంది నవ్వుతున్నారు, మిగతా సగం దిష్టి తీయించుకోమంటున్నారు. జరిగింది జరిగినట్టు వినే మనిషి ఒక్కరూ దొరకలేదు.

నా ఉద్యోగం పాత మ్యాపులతో. అమెరికాలో చాలా ప్రాంతాలకి పాత టోపో షీట్లు ఉన్నాయి. నేల ఎత్తుపల్లాలు, వాగులు, కాలువలు, ఇళ్ళు, చర్చిలు అన్నీ గీసిన సర్వే పటాలు. వాటిని స్కాన్ చేసి ఇవాళ్టి శాటిలైట్ ఫోటో మీద సరిగ్గా కూర్చోబెట్టడం నా పని.

పద్ధతి సులువే. అప్పుడూ ఇప్పుడూ ఒకే చోట కదలకుండా ఉన్నవాటిని వెతుక్కోవాలి. ఒక చర్చో, రెండు రోడ్లు కలిసే చోటో, రైలు వంతెనో. మేకు కొట్టినట్టు మ్యాపులో దాని మీద ఒక గుర్తు, ఫోటోలో దాని మీద ఒక గుర్తు పెడతాం. వాటిని కంట్రోల్ పాయింట్లంటాం. అవి నాలుగు వైపులా దొరికితే పటం దానంతటదే సర్దుకుంటుంది. రోడ్లూ చర్చిలూ చెక్కుచెదరని ఒహాయో షీటు ఇస్తే నేను టీ తాగుతూ పూర్తి చేసేస్తాను.

నాకు లూసియానా షీటు ఇచ్చారు. నా ఖర్మ అక్కడ మొదలైంది.

లూసియానాకి దక్షిణాన, సముద్రం దగ్గర, పారుతోందో లేదో తెలియనంత నిదానంగా కదిలే పాయల్ని బాయూ అంటారు. మాది కోనసీమ. పాయలూ లంకలూ నాకు కొత్త కాదు. కానీ గోదావరి ఒక ఒడ్డు కోస్తే ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. ఇక్కడ కోయడమే తప్ప వేయడం లేదు. నేల కుంగిపోతోంది, ఉప్పునీళ్ళు ఏటేటా లోపలికి వచ్చేస్తున్నాయి. పాత షీటులో బాయూ ఒడ్డు పొడుగునా ఒకే వరసలో ఇళ్ళున్నాయి, చిన్న చిన్న నల్ల చదరాలు. చర్చి ఉంది, బడి ఉంది, రొయ్యలు ఎండబెట్టే అరుగులున్నాయి. ఊరి చివర, అయిదడుగుల ఎత్తు చూపించే గోధుమరంగు గీత లోపల, శ్మశానం ఉంది. చుట్టుపక్కల అన్నిటికన్నా మెరక అదే. ఇవాళ్టి ఫోటోలో అక్కడ ఉన్నది నీళ్ళు. ఊరి పేరు రాయడం లేదు. రాసినా ఏ ఫోను మ్యాపులోనూ దొరకదు.

లోతులేని ఆ నీళ్ళ అడుగున ఒక కంపెనీ పెద్ద పడవల కోసం కాలువ తవ్వబోతోంది. సమాధులు కాలువ దారిలో పడితే దారి మార్చాలి, పడకపోతే తవ్వుకోవచ్చు. పడతాయో పడవో తేల్చాల్సింది మేము. మేమంటే నేనూ, నాతో పనిచేసే శ్రీకాంతూ. వరంగల్ కుర్రాడు, పనిమంతుడు, నోరు మాత్రం ఆగదు. మా మేనేజర్ డగ్.

ఆ ఊళ్ళో పుట్టి ఇంకా బతికున్న మనిషి మిస్ ఒడీల్. అక్కడ పెళ్ళయిన పెద్దావిడలనీ మిస్ అనే అంటారు. ఎనభై దాటింది. వాళ్ళమ్మ ఆ శ్మశానంలోనే ఉంది. ఇప్పుడుండేది అక్కడికి ఉత్తరాన, రోడ్డు పక్కన స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇంట్లో. మొదటిసారి వెళ్ళినప్పుడే నా చెయ్యి పట్టుకుని అడిగింది. నలభై దాటిన నన్ను బేబీ అంటుంది.

"సమాధి చూపించమని అడగడం లేదు, బేబీ. ఆ మెషీన్ పళ్ళల్లో మా అమ్మ ఎముకలు పడకుండా చూడు. అంతే."

శ్మశానం ఎటువైపుండేదని అడిగితే ఒకరోజు కిటికీలోంచి తూర్పుకి చూపించింది, ఇంకోరోజు పడమరకి. చిన్నప్పుడే ఊరు ఖాళీ అయింది, పాపం ఆవిడని అని ఏం లాభం?

అసలు చిక్కు షీటుతో. అప్పుడూ ఇప్పుడూ ఉన్నవి నాకు రెండే దొరికాయి. ఒక పాత వంతెన దిమ్మ, ఒక వాటర్ ట్యాంకు పునాది. రెండూ షీటుకి ఒకే అంచున ఉన్నాయి. ఒక్క పక్కే మేకులు కొట్టిన కేలండర్ లాగా రెండో అంచు ఎటు లాగితే అటు ఊగుతోంది. కాస్త ఇటు జరిపితే శ్మశానం కాలువ దారిలోకి వస్తుంది, కాస్త అటు జరిపితే బయటికి పోతుంది. దేనికీ రుజువు లేదు. వారాల తరబడి అదే స్క్రీన్ చూసీ చూసీ ఇంట్లో వాళ్ళ మీద అరవడం మొదలుపెట్టాను.

చివరికి పడవ మీద వెళ్ళి, ఏ మొద్దో, ఏ గట్టు ముక్కో మిగిలి ఉంటే జీపీఎస్ రీడింగ్ తీసుకుందామనుకున్నాం. మిస్ ఒడీల్ అల్లుడు ఎర్ల్‌కి పడవ ఉంది. నేను చెప్పిన తేదీ వినగానే కుదరదన్నాడు. ఆ రోజు వాళ్ళకి సమాధుల పండుగ. మన దగ్గర కేథలిక్కులు చేసినట్టే అక్కడా ఊరందరూ శ్మశానానికి వెళ్ళి, సమాధులు కడిగి, తెల్లరంగు వేసి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ పూట ఎవరూ పనికి రారు. నేను ఊరుకోలేదు. కాలువ కంపెనీ ఇచ్చిన గడువు నెత్తి మీద ఉంది. అమావాస్య నాడు ప్రయాణం వద్దంటే మా అమ్మ మాటే విననిదాన్ని, ఎర్ల్ మాట వింటానా? మధ్యాహ్నం లోపల వెనక్కి వచ్చేద్దామంటేనే వస్తానని గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

ఆ రోజు పొద్దున్న పొగమంచు పట్టింది. పదిగంటలు దాటినా విడలేదు. చలి లేదు, గాలి లేదు, దోమలు మాత్రం ఉన్నాయి. ఎటు చూసినా ఒకేలాంటి నీళ్ళు, ఎండిపోయి తెల్లబడ్డ చెట్లు. ఒక చోట మోటారుకి నాచు చుట్టుకుని ఆగిపోయింది. ఎర్ల్ తిట్టుకుంటూ పడవ వెనక వంగి కత్తితో నాచు కోయడం మొదలుపెట్టాడు. శ్రీకాంత్ గడకర్ర నేలకి గుచ్చి పడవ కొట్టుకుపోకుండా పట్టుకున్నాడు.

అప్పుడు పక్కనే గట్టు కనిపించింది. తెల్లటి గవ్వల గట్టు, మీద పెద్ద చెట్లు. హమ్మయ్య, కాలు పెట్టడానికి ఇంత నేల దొరికిందనుకున్నాను. జీపీఎస్ రిసీవర్ బిగించిన పొడుగు కర్ర పట్టుకుని దిగాను.

గట్టు మీద ఇటుకతో కట్టిన పొట్టి సమాధులున్నాయి. ఒక ఆవిడ వాటికి సున్నం వేస్తోంది. ముతక గౌను, తల మీద ముందుకి పొడుచుకొచ్చిన గుడ్డ టోపీ. దాని చాటున మొహం కనబడలేదు. బకెట్లో కుంచె ముంచుతోంది, రాస్తోంది, మళ్ళీ ముంచుతోంది. నాకు ఇసుమంత కూడా భయం వేయలేదు. పండుగ కదా, ఎవరో వచ్చి తమ వాళ్ళ సమాధులు చూసుకుంటున్నారనుకున్నాను. పైగా, ఇక్కడ శ్మశానం పెట్టుకుని ఎర్ల్ ఒక్క ముక్కయినా చెప్పలేదేమని ఒళ్ళు మండింది.

పలకరించాను. కుంచె ఆగలేదు. ఎక్స్‌క్యూజ్ మీ అన్నాను, కాస్త గట్టిగా. తల ఎత్తకుండానే కుంచెతో "అటు జరుగు" అన్నట్టు సైగ చేసింది. నా ఉక్రోషం నాది. పండుగ పూట పరాయి మనిషి వస్తే ఇదా మర్యాద అనుకుంటూనే జరిగాను. జరగడంలో జాకెట్ చెయ్యి పక్కనున్న సమాధికి రాసుకుంది.

కర్ర నిలబెట్టి, రీడింగ్ పూర్తయ్యేదాకా కదలకుండా నుంచున్నాను. అక్కడున్నంతసేపూ తడి సున్నం వాసన. చిన్నప్పుడు మా వీధి గోడలకి సున్నం కొట్టినప్పుడు వచ్చేది, ముక్కుకి చల్లగా తగిలి కాస్త మంట పెట్టేది, సరిగ్గా అదే. పెయింటు వాసనకీ దానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఇందులో నేను పొరబడే ప్రశ్నే లేదు.

రిసీవర్ కూత పెట్టాక, కర్ర ఆనిన చోట మా రూలు ప్రకారం ఒక ఫోటో తీసి పడవెక్కేశాను. ఆవిడని ఎందుకు తీయలేదని అందరూ అడుగుతారు. సమాధి దగ్గరున్న మనిషిని ఫోటో తీయడం నాకు పద్ధతి అనిపించలేదు. ఇప్పుడు తల బాదుకుంటున్నాను, అది వేరే సంగతి. మోటారు బాగుపడింది. మేము వెనక్కి వచ్చేశాం.

సాయంత్రం హోటల్ లాబీలో కూర్చుని రీడింగులన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. అన్నిటికన్నా నాణ్యంగా వచ్చిన రీడింగ్ ఆ గట్టుదే. స్క్రీన్ మీద అది నట్టనడి నీళ్ళల్లో పడింది. దరిదాపుల్లో గట్టు లేదు, చెట్టు లేదు. ఎత్తు చూశాను. సముద్రమట్టానికి అయిదడుగులు పైన. ఆ చుట్టుపక్కల మైళ్ళ దూరంలో అంత ఎత్తు నేల ఇవాళ ఎక్కడా లేదు.

నా బూట్లు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి.

"శ్రీకాంత్, నువ్వూ చూశావు కదా, ఆ గట్టు మీద ఒకావిడ ఒక్కతే సున్నం వేస్తూ ఉందీ..." అన్నాను.

ఎప్పుడూ మాట ఆగని మనిషి, లేచి వెళ్ళి ఇద్దరికీ ఐస్‌ టీ తెచ్చాడు. గ్లాసు నా ముందు పెడుతూ, "నేనేం చూడలేదక్కా. గంత మంచుల నువ్వే కనబడలే," అన్నాడు.

జాకెట్ చేతి మీద తెల్లటి మరక చూపించాను. పిట్ట రెట్ట అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఐస్‌ టీలో ఉన్న నిమ్మచెక్క తీసి మరక మీద పిండాను. బుసబుసా పొంగింది. "చూడు!" అన్నాను. "గవ్వల పొడి మీద పిండినా గట్లనే పొంగుతదక్కా," అన్నాడు, నా మొహం చూడకుండా. అదీ నిజమే. సున్నం చేసేదే గవ్వల్ని కాల్చి కదా. ఈ వ్యవహారంలో నాకు దొరికిన ప్రతి రుజువూ ఇంతే, చేతికి అందినట్టే అంది జారిపోయింది.

ఎర్ల్‌కి ఫోన్ చేశాను. తను పుట్టాక అక్కడ గట్టన్నది చూడలేదన్నాడు. నేను ఎటు దిగానో చూశావా అంటే, మోటారు కింద వంగి ఉన్నవాడికి తన మోకాళ్ళు తప్ప ఏం కనిపిస్తాయన్నాడు.

ఆఫీసుకి వచ్చాక, ఒక్కసారి చూద్దామని ఆ పాయింటుని షీటు రెండో అంచున పెట్టాను. పాత షీటులో శ్మశానం మీద ఒక మేకు, నా రీడింగ్ మీద ఒక మేకు. అన్ని వారాలూ నన్ను ఏడిపించిన షీటు ఒక్క కుదుపుతో కూర్చుంది. ఫోటోలో నీళ్ళ అడుగున లీలగా కనిపించే మొద్దుల వరస పాత ఇళ్ళ చదరాల కిందికి సరిగ్గా వచ్చింది. చర్చి చదరం కింద ఒక నల్లటి నీడ వచ్చింది. శ్మశానం కాలువ దారికి నట్టనడుమ పడింది.

డగ్ ఒప్పుకోలేదు. నిజానికి ఆయన స్థానంలో నేనున్నా ఒప్పుకునేదాన్ని కాదు, అదే నా బాధ. కంట్రోల్ పాయింటంటే ఇవాళ కంటికి కనబడే వస్తువై ఉండాలి. నీళ్ళ మీద మేకు ఎలా కొడతాం? సిగ్నల్ నీళ్ళకి తగిలి చెదిరి ఉంటుందన్నాడు. చెదిరితే ఇంత నాణ్యంగా రాదన్నాను. పరికరం పాడైందేమో అన్నాడు. అదే పరికరం అదే రోజు వంతెన దిమ్మ దగ్గర సరిగ్గా చూపించిందన్నాను. ఫోటో అడిగాడు. అందులో నా బూటు, తెల్లటి గవ్వలు, కర్ర కొన ఉన్నాయి. ఏ బీచ్‌లోనైనా ఇలాంటి ఫోటో తీసుకోవచ్చన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంతకన్నా ఫలితం ఉండేదేమో.

సరే, మళ్ళీ వెళ్ళి కొలిచి రమ్మన్నాడు. ఎర్ల్, శ్రీకాంత్, నేను మళ్ళీ వెళ్ళాం. ఎండ కాస్తోంది, మంచు జాడ లేదు. రిసీవర్ చూసుకుంటూ సరిగ్గా అదే చోటికి చేరాం. నీళ్ళు. కర్ర దింపాను. ముందు నీళ్ళు, తర్వాత మెత్తటి బురద. కర్ర మొత్తం దిగిపోయింది, గట్టిగా ఏమీ తగల్లేదు. పడవలో కూర్చుని ఏడుపొచ్చింది నాకు. భయంతో కాదు, కోపంతో. ఇక్కడే నుంచున్నాను. నా బరువంతా ఈ చోటే మోసింది. శ్రీకాంత్ ఆ రోజంతా నీళ్ళవైపు చూడలేదు. నాకు తోడు నిలవలేదని మనసులో వాణ్ణి చెడామడా తిట్టుకున్నాను.

తర్వాత రిపోర్టు రాశారు. "శ్మశానం కాలువ దారిలో ఉన్నట్టు ఆధారం లేదు." అలా తేల్చి రాస్తే ఫీల్డుకి వెళ్ళినవాళ్ళు ఎవరో ఒకరు కింద సంతకం పెట్టాలి. డగ్ నా ముందు పెట్టాడు. పెట్టనన్నాను. నా గ్రీన్ కార్డ్ ఫైలు మా ఆఫీసు చేతుల్లోనే ఉంది. అది తెలిసీ అనేశాను. డగ్ అరవలేదు. "ఓకే," అని కాగితం తీసుకుని శ్రీకాంత్ సీటు దగ్గరికి వెళ్ళాడు.

శ్రీకాంత్ పెడతాడనే అనుకున్నాను. వాడి హెచ్-వన్ రెన్యువల్ నడుస్తోంది, భార్యకి నెలలు నిండుతున్నాయి. ఏమీ చూడలేదని మొదట్నుంచీ చెప్తున్నవాడు పెట్టకపోవడానికి కారణం కూడా లేదు. మిస్ ఒడీల్‌కి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కార్‌లో కూర్చున్నాను. వాడు వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"సంతకం పెట్టలేదక్కా," అన్నాడు.

"ఏం? నువ్వేం చూళ్ళేదుగా," అన్నాను. నా కోపం ఇంకా తగ్గలేదు.

"చూసిన. నువ్వు ఒక్కామె అనేసరికి నాకు భయమైంది. గందుకే చెప్పలే."

"అంటే?"

"ఒక్కామె కాదక్కా. గట్టు నిండ జనం ఉండిరి. ముసలోళ్ళు, పిల్లగాళ్ళు, ఆడోళ్ళు, అందరు. బకెట్లు పట్టుకొని సున్నం ఏస్తుండిరి. పండుగ కదా, ఊరోళ్ళు వచ్చిన్రనుకున్న." సీటు బెల్టు సగం లాగి వదిలేశాడు. "నువ్వు కర్ర పట్టుకొని వాళ్ళ నడిమిట్లకెళ్ళి సీదా నడుచుకుంట వచ్చినవ్. ఒక్కర్ని గూడ తప్పించుకోలే. ఎవ్వలు లేనట్టు."

వాడు అబద్ధం చెప్పే మనిషి కాదు, అందులోనూ ఉద్యోగం పోయే అబద్ధం.

ఇద్దరమూ పెట్టకపోయేసరికి డగ్ ఆ వాక్యం తీసేసి "శ్మశానం ఎక్కడుందో తేలలేదు" అని తనే రాసి పంపాడు. తేలని శ్మశానం జోలికి పోవడం కన్నా పక్కనుంచి పోవడమే నయమని కాలువ కంపెనీ లాయర్లు చెప్పారట. కాలువ గీత పక్కకి జరిపారు. మా ఉద్యోగాలు ఇప్పటికైతే ఉన్నాయి. డగ్ నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. అక్కడ తవ్వరు కాబట్టి, ఆ బురద కింద ఏముందో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నా పాయింటు తప్పో ఒప్పో నాకూ తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు.

శ్రీకాంతూ నేనూ దీని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. మాట్లాడినా తెగేది కాదు. వాడికి అంతమంది కనిపించినప్పుడు నాకు ఒక్కావిడే ఎందుకు కనిపించింది? దీనికి డగ్ చెప్పే సిగ్నల్ కథ పనికిరాదు, పార్టీల్లో చెప్పే దెయ్యాల కథలూ పనికిరావు. దెయ్యాలని నేను ఇప్పటికీ నమ్మను. అయిదడుగుల నేల మీద నుంచున్న మాట మాత్రం నిజం.

దారి మారిందని చెప్పడానికి మిస్ ఒడీల్‌కి ఫోన్ చేశాను. అమ్మ అక్కడుందని ఎలా తెలిసింది బేబీ అని అడిగింది. ఆవిడకి అబద్ధం చెప్పడం ఇష్టంలేక నేను చూసింది చెప్పాను. గట్టూ, సున్నం, గుడ్డ టోపీ పెట్టుకున్న ఆవిడా. శ్రీకాంత్ చెప్పింది చెప్పలేదు.

ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆవిడ కంగారుపడింది.

"ఒక్కతేనా?" అంది. "ఆ రోజు ఎవరూ ఒక్కళ్ళే వెళ్ళరే. ఊరంతా వెళ్తుంది. మిగతావాళ్ళు ఏరి, బేబీ?"

"అందరూ ఉన్నారండీ," అన్నాను. "నాకే కనబడలేదు."